మండువా లోగిలిని స్టూడెంట్ హాస్టల్‌గా మార్చడం ఎలా? రాజమండ్రి పాతఊరి కోసం ఒక సమగ్ర మార్గదర్శి

కోనసీమ లంకల నుంచి, ఏజెన్సీ నుంచి, గోదావరి అవతల కొవ్వూరు వైపు నుంచి పిల్లలు చదువుకోవడానికి రాజమండ్రి రావడం కొత్తేమీ కాదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ 1853లో పాఠశాలగా మొదలైంది. కొత్తగా వచ్చిందల్లా ఆ పిల్లల్ని పెట్టే పద్ధతి. ఊరి చివర ఐదంతస్తుల కాంక్రీటు పెట్టె, గదికి ఐదుగురు, మేడమీద రేకుల షెడ్డులో మెస్సు. మే నెలలో ఆ పై అంతస్తులో ఎలా నిద్రపడుతుందో అక్కడ పడుకున్నవాళ్లనే అడగాలి. ఇటు ఇన్నీసుపేటలోనూ, కోటగుమ్మం చుట్టుపక్కల సందుల్లోనూ మండువా ఇళ్లు, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన చోటు, దాని చుట్టూ గదులు ఉండే పెంకుటిళ్లు, తాళాలు పడి, పెంకులు జారి, ఎవరో ఒకరు కొని కూల్చేదాకా అలా పడి ఉంటున్నాయి.

అలాంటి ఇల్లు చేతిలో ఉండి, దాన్ని పడగొట్టకుండా పిల్లల వసతిగా మార్చాలనుకునేవాళ్ల కోసం ఈ మార్గదర్శి. లెక్కలకు వీలుగా ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. స్థలం 400 గజాలు, అందులో 2,400 చదరపు అడుగుల పెంకుటిల్లు, మధ్యలో మండువా, కింద ఆరు గదులు, ఒక వీధి గది, పైన చిన్న మేడ మీద రెండు గదులు, వెనక దొడ్డి, దొడ్లో నుయ్యి. కాకినాడ, అమలాపురం, నరసాపురంలలో కూడా పద్ధతి ఇదే. నీళ్ల సంగతి మాత్రం సముద్రం దగ్గరయ్యేకొద్దీ మారుతుంది, ఆ చోట చెబుతాను.

మొదటి అడుగు: కాగితాలు

పాత ఇంటికి పెద్ద గండం చెదపురుగు కాదు, వాటాదార్లు. తాతగారి పేరున ఉన్న ఇంటికి హైదరాబాదులో ఇద్దరు, అమెరికాలో ఒకరు, ఊళ్లో ఒకరు వారసులుంటారు. అందరి సంతకాలూ పడకుండా ఇటుక కూడా కదపకండి. కొనకుండా లీజుకు తీసుకుంటే ఏడాది మించిన లీజు దస్తావేజు రిజిస్టరు కావాల్సిందే. మరమ్మతులకు పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే పదిహేనేళ్లకు తక్కువ రాయించుకుంటే గిట్టుబాటు కాదని నా లెక్క.

ఆ తర్వాత నగరపాలక సంస్థ టౌన్‌ప్లానింగ్ విభాగానికి వెళ్లండి. అడగాల్సినవి రెండు: నివాసం నుంచి హాస్టల్‌కు వాడకం మార్పు, దొడ్డివైపు కట్టబోయే కొత్త బ్లాకుకు ప్లాను. రాష్ట్రంలో భవన నిర్మాణ నిబంధనలు 2017లో జీవో 119 ద్వారా వచ్చాయి, తర్వాత సవరణలూ వచ్చాయి. కాబట్టి తాజా ప్రతి చూసే మాట్లాడండి. పడగొట్టి మళ్లీ కడదామనుకునేవాళ్లు ఒక్క సంగతి ఆలోచించాలి. ఇరుకు సందులో కొత్తగా కడితే ఇప్పటి సెట్‌బ్యాక్‌లు, అంటే ఇంటి చుట్టూ ఖాళీ జాగా, వదలాలి. గోడకు గోడ ఆనుకుని ఉన్న పాత ఇంటిలో దొరికే చోటు అప్పుడు దొరకదు. ద్రాక్షారామ, సామర్లకోట భీమేశ్వరాలయాల్లా కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం దగ్గర్లో ఉంటే అది వేరే కథ. చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన మరో రెండువందల మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి.

రెండో అడుగు: ఇల్లు ఎంత గట్టిగా ఉందో చూడటం

ఇంజనీరు రాకముందు మీరే ఒక పూట గడిపి చూడదగ్గవి కొన్ని ఉన్నాయి. పాత ఇళ్లలో దూలాలు చాలావరకు టేకే. పైన అడవుల్లో కొట్టిన కలప గోదావరిలో తెప్పలుగా దిగి వచ్చిన రోజుల్లో కట్టినవి కదా. టేకు నడుమ చెడదు, చివర చెడుతుంది. దూలం గోడలోకి దూరే చోట, ఆ చివరి జానెడు మేర స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. మొన మాత్రమే దిగి ఆగిపోతే కలప బాగున్నట్టు. వేలెడు లోతు మెత్తగా దిగి, బయటికి లాగినప్పుడు గోధుమరంగు పొడి రాలితే ఆ చివర పోయినట్టే. అలాగని దూలమంతా మార్చనక్కర్లేదు. పోయిన చివర కోసేసి పాత టేకు ముక్క అతికి, రెండు పక్కలా ఇనప పట్టీలు వేసి బోల్టులు బిగించే వడ్రంగులు ఇప్పటికీ ఉన్నారు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే కలప అమ్మే దుకాణాల్లో అదే వయసు టేకు దొరుకుతుంది. కొత్త కలపకన్నా అదే మేలు, ఎండి ఎండి ఇక వంకరపోదు.

రెండోది మండువా మూలలు. రెండు వాలుల కప్పు కలిసే చోట నీళ్లన్నీ ఒక్క గాడిలోకి వస్తాయి. ఇల్లంతా బాగున్నా ఆ నాలుగు మూలల కింద వాసాలు నల్లబడి ఉంటాయి. మూడోది గోడల పగుళ్లు. వెంట్రుకవాసి పగుళ్లు సరే, వేలు దూరేంత వెడల్పుగా, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోయే పగులుంటే పునాది కదులుతున్నట్టు. పగులుకు అడ్డంగా ఒక గాజుపలక అతికించి ఒక వానాకాలం చూడండి. పలక విరిగితే ఇంజనీరు సలహా లేకుండా ముందుకు వెళ్లొద్దు.

నాలుగోది, ఇంటికన్నా వీధికి సంబంధించింది. 1986 ఆగస్టు వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, భారీవాన పడితే ఇప్పుడు కాలవ ఎక్కడ పొంగుతుందో ఆ వీధి పెద్దవాళ్లను అడిగి అరుగు మీద గీత గీసుకోండి. తర్వాత సంపు మూత, మోటారు, మీటరు బోర్డు, అన్నీ ఆ గీతకు పైనే.

మూడో అడుగు: ఎంతమందిని పెట్టాలి

అందరూ గదులు లెక్కపెట్టి మంచాలు వేస్తారు. తిరగేసి చేయండి. ముందు మరుగుదొడ్లు, తర్వాత నీళ్లు, చివర మంచాలు. హాస్టళ్లకు ఉన్న జాతీయ ప్రమాణం ప్రకారం అబ్బాయిలైతే ఎనిమిదిమందికి ఒక మరుగుదొడ్డి, అమ్మాయిలైతే ఆరుగురికి ఒకటి. స్నానాల గదులదీ దాదాపు ఇదే నిష్పత్తి. మన దొడ్డిలో నాలుగు మరుగుదొడ్లు, నాలుగు స్నానాల గదులు, ఒక వరస కుళాయిలు పడతాయి. అంటే అమ్మాయిల లెక్కన 24 మంది. అబ్బాయిలకైతే మూడు సరిపోతాయి కానీ పొద్దున ఏడింటికి కాలేజీ బస్సు వచ్చే ఊళ్లో నాలుగోది వృథా పోదు.

24 మందికి ఎనిమిది గదులు, గదికి ముగ్గురు. 12 అడుగులకు 14 అడుగుల గదిలో ముగ్గురికి మంచం, మూడడుగుల బల్ల, బీరువా పడతాయి. నాలుగో మంచం కూడా పడుతుంది, ఆ ఆశే హాస్టళ్లను చెరిపేది. గదికి నాలుగోవాడు చేరితే ఇంట్లో ఎనిమిదిమంది పెరుగుతారు, నీళ్లు రోజుకు వెయ్యి లీటర్లు పెరుగుతాయి, మరుగుదొడ్డి దగ్గర వరస పెరుగుతుంది. వీధి గదిలో ఎవరినీ పెట్టకండి. అది చదువు గది, వార్డెన్ బల్ల అందులోనే ఒక పక్కన. ఆదాయం లెక్క వేసేటప్పుడు ఒక వెసులుబాటు గుర్తుంచుకోండి: 2024 జూలై నుంచి మనిషికి నెలకు 20,000 రూపాయలు మించని, వరుసగా 90 రోజులకు తగ్గని హాస్టల్ వసతికి జీఎస్టీ మినహాయింపు ఉంది.

నాలుగో అడుగు: మండువా జోలికి పోకపోవడం

దీన్ని ఒక అడుగుగా రాయడానికి కారణం ఉంది. మరమ్మతు మొదలెట్టగానే మేస్త్రి దగ్గర్నుంచి మేనమామ దాకా అందరూ ఇచ్చే సలహా ఒకటే: "మండువా మీద ప్లాస్టిక్ షీటు వేసేస్తే ఒక హాలు కలిసొస్తుంది కదండీ." కలిసిరాదు. ఆ ఇంటికి వెలుతురూ, వేడిగాలి పైకి పోయే దారీ అదొక్కటే. రెండు పక్కలా వేరేవాళ్ల గోడలున్న ఇంట్లో పక్కగదులకు బయటివైపు కిటికీ ఉండదు. షీటు వేసిన మర్నాటి నుంచి పగలే లైట్లు, రాత్రి ఉక్క. ఏప్రిల్లో ఆ షీటు కింద నిలబడి చూస్తే హాలు ఎవరికి కలిసొచ్చిందో తెలుస్తుంది.

చేయాల్సిందల్లా మండువాను మళ్లీ పనిలోకి తేవడం. లోపలి చూరు చుట్టూ గాల్వనైజ్డ్ రేకు గాడి వేయించి, నాలుగు మూలల్లో గొట్టాలు దింపండి. నేల గచ్చును మధ్యకు వాలు ఉండేలా సరిచేయండి. పాత తూము ఎక్కడికి పోతుందో బకెట్టు నీళ్లు పోసి కనిపెట్టండి. చాలా ఇళ్లలో అది దొడ్డిదాకా వెళ్లకుండా మధ్యలోనే పూడిపోయి ఉంటుంది, గోడల చెమ్మకు సగం కారణం అదే. దొంగల భయం ఉంటే పైన ఇనప ఊచల గ్రిల్లు వేయించుకోండి, గాలి ఆగదు. జల్లు కొట్టకుండా లోపలి చూరుకు వెదురు తడికలు వేలాడదీస్తే వానాకాలంలో పంచలో కూర్చుని చదువుకోవచ్చు.

మండువా ఉన్న ఇంట్లో మాటలు ఈ గది నుంచి ఆ గదికి వినిపిస్తాయి. ఇది నిజమైన ఇబ్బందే. రాత్రి పదింటి తర్వాత పంచలో ఫోన్లు లేకుండా చూడటం, తలుపుల అంచుకు రబ్బరు పట్టీలు వేయడం మినహా దీనికి మందు లేదు.

ఐదో అడుగు: కప్పు

పెంకు దించి, వాసాలు సరిచేసి, మళ్లీ ఎక్కించడం మొత్తం పనిలో ఖరీదైన భాగం. ఒక ముసలి మేస్త్రి చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది: "దింపడం ఎవడైనా దింపుతాడండి, ఎక్కించేవోడెవడో ముందు చూస్కోండి." నాటు గూనపెంకు పేర్చేవాళ్లు తగ్గిపోయారు. మనుషులు దొరక్కపోతే మండువావైపు కనిపించే వాలులకు నాటుపెంకు ఉంచి, వెనకవైపు బెంగుళూరు పెంకు వేసుకోండి.

పెంకు ఎక్కించే ముందు వాసాల మీద పలకలు, వాటి మీద రేకుపూత ఉన్న షీటు, ఆపైన రెండంగుళాల ఖాళీ వదిలి పట్టీలు, ఆ పట్టీల మీద పెంకు. ఖాళీలో గాలి చూరు దగ్గర దూరి కొప్పు దగ్గర బయటికి పోవాలి. ఎండ వేడి చాలావరకు ఆ ఖాళీలోనే ఆగిపోతుంది. చూరు వరసలనూ, కొప్పు పెంకునూ తీగతో కట్టించడం మరవకండి. 1996 నవంబరు తుపాను కోనసీమను ఊడ్చేసిన సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు.

మేడ భాగం మద్రాసు టెర్రస్ అయితే, అంటే దూలాల మీద నిలువు ఇటుకలు, సున్నం వేసిన కప్పు అయితే, దానిమీద కొత్తగా కాంక్రీటు పోయకండి. బరువు పెరుగుతుంది, కారడం ఆగదు. పాత పైపొర చెక్కి, సున్నం, సుర్కీ (ఇటుక పొడి)తో మళ్లీ వేసి, పైన విరిగిన తెల్ల పింగాణీ ముక్కలు పరిచితే నీరూ ఎండా రెండూ తగ్గుతాయి.

ఆరో అడుగు: గోడలు

గానుగ సున్నంతో (గానుగలో ఇసుకతో కలిపి రుబ్బిన సున్నంతో) కట్టిన గోడ నేలలోంచి చెమ్మ లాగుతుంది, ఎండలో వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూత పూస్తే చెమ్మకు బయటికొచ్చే దారి ఉండదు. లోపలే ఉండి ఉప్పు పేరుకుని, రెండు వానాకాలాలు తిరిగేసరికి పెచ్చులు పెచ్చులుగా ఊడి, పాత ఇటుకను కూడా పట్టుకుని ఊడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. గోడ అడుగున మూడడుగుల మేర ఇప్పటికే సిమెంటు పూత ఉంటే ముందు దాన్ని చెక్కించండి, ఒక ఎండాకాలం గోడను ఆరనివ్వండి.

కొత్త పూతకు సున్నాన్ని కనీసం రెండు వారాల ముందు తడిపి నానబెట్టాలి. ఇసుక, సుర్కీ కలిపి గానుగ ఆడించాలి, గానుగ దొరక్కపోతే మోర్టారు మిక్సరులో ఎక్కువసేపు తిప్పించాలి. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలపడం ఇక్కడి పాత అలవాటు, అవి పూతకు జిగి ఇస్తాయి. ఒక్కో పొర అరంగుళం మించకూడదు. తడి ఆరకుండా గోనెపట్టాలు కప్పాలి. రోహిణి కార్తెలో ఈ పని పెట్టుకుంటే పూత ఎండి పగిలిపోతుంది. రంగు కూడా సున్నమే. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇంత శ్రమా గోదావరి పాలు.

ఏడో అడుగు: దొడ్డివైపు కొత్త బ్లాకు, నీళ్లు

బాత్రూములు, వంటిల్లు పాత ఇంటిలోపల పెట్టకండి. సున్నం గోడకు నిత్యం నీళ్లు తగిలితే ఏ మరమ్మతూ నిలవదు. దొడ్లో వేరే బ్లాకు కట్టి, పాత గోడకూ దానికీ మధ్య రెండంగుళాల ఖాళీ వదలండి. రెండూ విడివిడిగా కుంగుతాయి, కలిపి కడితే పగులు మీ ఇంట్లోకే వస్తుంది. నేల నల్లరేగడి అయితే పునాది సంగతి ఇంజనీరుకు వదిలేయండి. గోడలకు ఎలుకబోను కట్టు బాగుంటుంది. ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ వదిలే ఈ పద్ధతి లారీ బేకర్ అనే వాస్తుశిల్పి వల్ల కేరళలో వ్యాపించింది. ఇటుక నాలుగోవంతు దాకా కలిసొస్తుంది, గోడలోని ఖాళీ వేడిని ఆపుతుంది.

నీళ్ల లెక్క: హాస్టల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణం. 24 మందికి 3,240 లీటర్లు. కుళాయి ఒకరోజు రాకపోయినా నడవాలంటే 7,000 లీటర్ల సంపు కావాలి. ఇక వాననీరు. 223 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి ఒక మీటరు వాన, అందులో ఎనభై శాతం పట్టినా 1,78,000 లీటర్లు. ఏడాది అవసరం దాదాపు 11,80,000. అంటే మండువాలో పడే నీళ్లతో హాస్టల్ నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ నీటికి తగిన చోటు నుయ్యి. మొదటి వాన నీటిని బయటికి వదిలేసి, తర్వాతిది కంకర, ఇసుక ఉన్న వడపోత తొట్టి గుండా నూతిలోకి పంపండి. నరసాపురం, అంతర్వేది వైపు భూగర్భజలం ఉప్పగా ఉంటుంది కాబట్టి అక్కడ వాననీటిని నూతిలో కలపకుండా విడిగా ట్యాంకులో దాచి తాగడానికి, వంటకు వాడుకోవడమే తెలివి.

స్నానాల నీటిని మరుగుదొడ్లకు తిరిగి వాడటం ఈ కొలతలో సాధ్యమే. నురగ, వెంట్రుకలు ఆపే తొట్టి ఒకటి, ఆ తర్వాత కంకర పరిచి మెట్టతామర నాటిన మడి ఒకటి, చివర చిన్న ట్యాంకు. మడి పాత గోడకు కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. ఆ దూరం లేకపోతే ఈ ఏర్పాటు మానేసి, తక్కువ నీటితో పనిచేసే రెండు బటన్ల ఫ్లష్‌తో సరిపెట్టుకోండి. మురుగు చివరి ఛాంబరులో వెనక్కి రాకుండా ఆపే వాల్వు తప్పనిసరి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఎగిరిన రోజుల్లో పల్లపు వీధుల కాలవలు త్వరగా దిగవు.

బయోగ్యాస్ గురించి అందరూ అడుగుతారు. 24 మంది మెస్సులో రోజుకు ఐదారు కిలోల వ్యర్థం వస్తుంది. దానితో నెలకు సగం సిలిండరు మిగలొచ్చు. ఆ మిగులు కోసం ఇరుకు దొడ్డిలో పేడనీళ్ల తొట్టి నడపడం దండగ. కంపోస్టు చేసుకోండి. వందమంది దాటితే అప్పుడు ఆలోచించండి.

ఎనిమిదో అడుగు: గాలి, కరెంటు, నిప్పు

ఉక్కపోతగా ఉండే మన వాతావరణానికి జాతీయ ఇంధన నియమావళి ఇళ్లకు చెప్పే కొలత సులువైంది: నేల వైశాల్యంలో కనీసం ఆరోవంతు తెరుచుకునే కిటికీలుండాలి. మన 168 చదరపు అడుగుల గదికి 28. పాత కిటికీ 12కు మించదు. మిగతాది తలుపు పైన జాలీ వెంటిలేటరు, మండువావైపు కొత్త కిటికీ కలిసి ఇవ్వాలి. దోమతెర పెడితే గాలి తగ్గుతుంది, తీసేస్తే గోదావరి దోమలు ఊరుకోవు. కాబట్టి కిటికీ పెద్దది చేసి తెర పెట్టండి.

ఏసీలు వద్దు. తెరిచిన మండువా ఉన్న ఇంటిని చల్లబరచబోతే ఊరిని చల్లబరచినట్టే. బదులుగా 75 వాట్ల ఫ్యాన్లు తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయండి. 22 ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగితే రోజుకు దాదాపు 15 యూనిట్లు మిగులుతాయి. దాదాపు నాలుగు కిలోవాట్ల సోలార్ పలకలు ఇచ్చే కరెంటు అది. సోలార్ కూడా పెట్టుకోండి, కానీ పెంకు మీద కాదు, కొత్త బ్లాకు స్లాబు మీద, తుపాను గాలికి తట్టుకునేలా స్లాబులోనే బిగించి.

నిప్పు దగ్గర బేరాలుండకూడదు. చెక్క ఇంట్లో ఇరవైనాలుగు ఫోన్ ఛార్జర్లు, ఎవరో దాచుకున్న ఒక ఇండక్షన్ పొయ్యి. పాత చెక్కపట్టీ వైరింగ్ మొత్తం తీసేయాలి. ఇనప గొట్టాల్లో కొత్త వైర్లు, గదికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చి), 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చి), సరైన ఎర్తింగు ఉండాలి. మేడ మీది గదులకు లోపలి చెక్క మెట్లు కాక, దొడ్డివైపు నుంచి ఇంకో ఇనప మెట్లు ఉండాలి. వీధివైపు కిటికీలకు పాత ఊచలుంటే అలాంటి ప్రతి గదిలో ఒకదాన్నైనా లోపల్నుంచి తాళం లేకుండా తెరుచుకునే గ్రిల్లుగా మార్చండి.

తొమ్మిదో అడుగు: బట్టలు

నవ్వులాటగా అనిపిస్తుంది కానీ హాస్టల్ డిజైన్లు దీని దగ్గరే ఓడిపోతాయి. శ్రావణ భాద్రపదాల్లో ఇరవైనాలుగుమంది తడిబట్టలు గదుల్లో దండేల మీద వేలాడితే గోడలు బూజు పడతాయి, గాలి కదలదు, సున్నం పూత నల్లబడుతుంది. కొత్త బ్లాకు స్లాబు మీద సోలార్ పలకలను ఏడడుగుల ఎత్తున నిలబెట్టి, వాటి కిందే మనిషికి ఆరడుగుల చొప్పున దండేలు కట్టండి. పలకల సందులకు గాడి రేకులు వేయిస్తే పైన కరెంటు, కింద వాన తగలని ఆరుబయలు.

పనుల వరస

కార్తీకంలో కాగితాలు, పరీక్షలు. సంక్రాంతి వెళ్లగానే పెంకు దించడం, మార్చి నెలాఖరుకు కప్పు మూయడం. గోడల పూత ఫిబ్రవరి, మార్చిలలోనే అయిపోవాలి. దొడ్డి బ్లాకు వీటితోపాటు సాగుతుంది. ఏప్రిల్, మేలలో వైరింగు, తలుపులు, కుళాయిలు. జూన్‌లో కాలేజీలు తెరిచే ముందు మండువాలో ట్యాంకరు నీళ్లు పోయించి తూములు, గొట్టాలు, వెనక వాల్వు పరీక్షించండి. మొదటి ఏడాది గదికి ముగ్గురు కాకుండా ఇద్దరినే పెట్టి, నెలనెలా నీటి మీటరు, కరెంటు మీటరు రాసుకోండి. మనిషికి నీళ్లు రోజుకు 135 లీటర్లు దాటుతున్నాయంటే ఎక్కడో కారుతోంది. ముందు ఫ్లష్ ట్యాంకులు, తర్వాత సంపు, ఆ తర్వాత నేల కింది గొట్టం చూడండి, అదే వరసలో.